అడ్జస్టు అవ్వని గున్నమ్మ

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి లక్ష్మివారం లక్ష్మివారం సంత. ఆ సంతలో ఒకావిడ, ఆవిడకో చోటు. కథంతా ఆ చోటు గురించే, కాబట్టి కాళ్ళు ఆడించకుండా విను.

ముందే చెబుతున్నా హంసా, ఇవాళ నేను కోపంగా ఉన్నాను. నీ మీద కాదులేవే. ముగ్గురు కూర్చునే బెంచీ మీద నలుగుర్ని కుక్కి, నిన్ను చివర సగం గాల్లో కూర్చోబెట్టి, 'అడ్జస్టు అవ్వమ్మా' అందటగా మీ టీచరు. ఇంటికొచ్చి చెప్పుకుంటే మీ అమ్మా అదే మాట. కన్న కూతురని కూడా చూడకుండా ఇందాక దాన్ని నాలుగు దులిపేశాను. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో ఈ కథలో ఉంది, ఊఁ కొట్టు.

ఆవిడ పేరు గున్నమ్మ. మేదర మనిషి. వెదురు చీల్చి గంపలు, చేటలు, బుట్టలు అల్లి అమ్మేది. ఇంట్లో అల్లి తెచ్చి అమ్మడం కాదు, సంతలోనే కూర్చుని అల్లేది. రైతు వచ్చి ఇంత వెడల్పు కావాలని చేతులు చాపి చూపిస్తే, అక్కడికక్కడే మొదలుపెట్టేది.

గంప ఎలా మొదలవుతుందో తెలుసా? బద్దలన్నీ నేల మీద అడ్డంగా, నిలువుగా పరిచి, రెండు కాళ్ళూ చాపి, పాదాలతో వాటిని తొక్కిపట్టి అడుగు అల్లాలి. అందుకని మేదరావిడకి కాళ్ళు బార్లా చాపుకునేంత చోటుండాలి. చోటు లేకపోతే గంప లేదు. గంప లేకపోతే పొయ్యి మీదికి ఏమీ ఎక్కదు.

ఆ సంతలో ఎవరి చోటుకీ కాగితాలు ఉండవు. ఎవరి చోటు ఎవరిదో పక్కవాళ్ళు చెప్పిందే లెక్క. వరసగా మూడు సంతలు ఎవరు కూర్చుంటే, ఎవరూ కాదనకపోతే, ఆ చోటు వాళ్ళదైపోతుంది. ఆశీలు, అంటే సంతలో కూర్చున్నందుకు కట్టే పన్ను, వసూలు చేసే వరహాలు అనే ఆయన మూడో సంత సాయంత్రం వచ్చి అడుగుతాడు. పక్కవాళ్ళు చెబుతారు. ఆయన రాసుకుంటాడు.

చోటు గురించి అక్కడ మూడే మాటలు. జరగడం, పంచుకోవడం, ఇచ్చెయ్యడం. జరగడమంటే ఆ పూటకే, పొద్దు వాలేసరికి ఎవరి చోటు వాళ్ళకి వచ్చెయ్యాలి. పంచుకోవడమంటే నీడైనా ఎండైనా ఇద్దరికీ సమానం. ఇచ్చెయ్యడమంటే ఇంక తిరిగి రాదు. అందుకని అడిగేవాడు నలుగురి ముందు నిలబడి, చేతిలో తమలపాకులు పెట్టి, నోరు తెరిచి అడగాలి. ఏ మాటకి ఏ మర్యాదో చంటిపిల్లలకి కూడా తెలుసు.

అప్పుడు ఒక లక్ష్మివారం జోగారావని ఒకడు పట్నం నుంచి వచ్చాడు. ఆటో నిండా ప్లాస్టిక్ బకెట్లు, టబ్బులు, బుట్టలు. ఎర్రవి, నీలంవి, కళ్ళు జిగేల్మనేలా. మంచి మాటకారి. వచ్చి గున్నమ్మ పక్కన దించి, 'అప్పా, ఒక్క మూర అడ్జస్టు అవుతావా' అన్నాడు. అక్కని ఆ పక్క అప్ప అంటారులే.

ఆ మాట ఆవిడకి కొత్త. కాస్త జరగమంటున్నాడు కాబోలు అనుకుంది. పాపం, సామాను ఎక్కువగా ఉందని ఒక మూర జరిగింది. పొద్దు వాలింది. జోగారావు టబ్బులు తీయలేదు. గున్నమ్మ మొహమాటపడి అడగలేదు. అదీ ఆవిడ చేసిన తప్పు. చెప్పకపోతే ఎలా, అమ్మమ్మ కథలో కూడా తప్పుని తప్పనే అనాలి.

ఆ తర్వాత రెండో సంత. ఎండ మాడ్చేస్తోంది. జోగారావు నాలుగు కర్రలు పాతి పైన పట్టా కట్టాడు. రెండు కర్రలు గున్నమ్మ చోట్లో పడ్డాయి. 'మనలో మనం అడ్జస్టు అయిపోదాం అప్పా' అన్నాడు. ఓహో, నీడ పంచుకుందామంటున్నాడు, మంచివాడే అనుకుంది. తీరా చూస్తే నీడలో బకెట్లు కూర్చున్నాయి, గున్నమ్మ ఎండలో కూర్చుంది. కాళ్ళు చాపడానికి లేక, మోకాళ్ళు ముడుచుకుని రెండు చిన్న చేటలు అల్లి లేచింది.

నువ్వే చెప్పు, బకెట్టుకి ఎండ తగిలితే ఏమవుతుంది? సరే, నవ్వకు, నాకు నవ్వు రావడం లేదు.

ఆ తర్వాత మూడో సంత. గున్నమ్మ బద్దల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి ఆవిడ చోటంతా టబ్బులే. జోగారావు నవ్వుతూ, 'ఈ ఒక్కసారికీ ఆ చివర కాలవ పక్కన అడ్జస్టు అయిపో అప్పా' అన్నాడు. కాలవంటే పంటకాలవ కాదు, చేపలు కడిగిన నీళ్ళు పారే మురుక్కాలవ. అటు పక్క చింతపండు అమ్మే తవిటమ్మ కూడా, 'పోనీలే గున్నమ్మా, అడ్జస్టు అయిపో, గొడవెందుకు' అంది. ఆ మాట అప్పటికే ఆవిడ నాలిక్కీ అంటుకుంది.

గున్నమ్మ వెళ్ళి కూర్చుంది. బద్దలు పరిస్తే బురదలో తడిశాయి. కాళ్ళు చాపితే మడమలు మురుగులోకి పోయాయి. ఒక రైతు వచ్చి ధాన్యం గంప కావాలన్నాడు, పెద్దది. ఆవిడ చుట్టూ చూసుకుని, 'ఇవాళ అల్లలేను బాబూ' అంది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు. ఆ రైతు వెళ్ళి జోగారావు దగ్గర టబ్బు కొనుక్కున్నాడు.

అప్పుడు వరహాలు వచ్చాడు. పుస్తకం తీసి, 'ఈ చోటెవరిదర్రా' అన్నాడు. 'నాదేనండీ, అప్ప అడ్జస్టు అయింది' అన్నాడు జోగారావు. వరహాలు తవిటమ్మకేసి చూశాడు. 'అవునండీ, అడ్జస్టు అయింది' అంది తవిటమ్మ.

చూశావా? ఒక్కళ్ళు కూడా అబద్ధమాడలేదు. చోటు మాత్రం పోతోంది. అందుకేనే నాకంత కోపం. జరిగినా అదే మాట, పంచుకున్నా అదే మాట, లాక్కున్నా అదే మాట. నువ్వు ఊఁ అన్నది దేనికో నీకే తెలియకుండా చేస్తుంది. మీ అమ్మేమో సర్దుకోవడమే కదా అంటుంది. కానే కాదు. సర్దుకోవడమంటే పెట్టెలో బట్టలు సర్దినట్టు అన్నీ కాస్త కాస్త కదలాలి. ఇక్కడ కదిలేది ఒక్కళ్ళే.

వరహాలు పెన్ను తీశాడు. అప్పుడు గున్నమ్మ లేచింది. చీర కుచ్చిళ్ళ నుంచి మురుగు కారుతోంది. 'రాయకు బాబూ' అంది. వచ్చి జోగారావుకి ఎదురుగా నిలబడింది.

'ఆ మాట నాకు రాదు జోగారావూ. మా సంత మాటల్లో చెప్పు. మొదటి వారం నన్ను జరగమన్నావా?'

'ఆఁ, జరగమనే కదప్పా.'

'పొద్దు వాలాక నా మూర నాకిచ్చావా?'

జోగారావు వంగి ఒక టబ్బు సర్దాడు.

'రెండో వారం పంచుకుందామన్నావా? మరి నీడలో ఎవరు కూర్చున్నారు?'

ఎవరు కూర్చున్నారో సంతంతా చూసింది. కూరలవాళ్ళు, చేపలవాళ్ళు, కొనేవాళ్ళు అందరూ చుట్టూ మూగారు.

'ఇవాళేమన్నావు? ఇచ్చెయ్యమన్నావా?'

జోగారావు నవ్వబోయి, 'అంత పెద్ద మాటెందుకప్పా, ఏదో కొంచెం అడ్జస్టు...' అన్నాడు.

'నువ్వు చేసింది పెద్ద పనే, పెద్ద మాటే అను. ఇదిగో జనం. "గున్నమ్మా, నీ చోటు నాకిచ్చెయ్యి, నువ్వెళ్ళి మురుక్కాలవలో కూర్చో" అని నోరు తెరిచి అడుగు. ఆకులు కూడా అక్కర్లేదు. నువ్వు అడుగు, నేను ఇచ్చేస్తాను.'

తవిటమ్మ చింతపండు తూచడం ఆపేసింది. వాడు అడిగేస్తే? చోటు పోయినట్టే. గున్నమ్మకి అది తెలియదనుకున్నావా? తెలుసు. తెలిసే అంది. అంత కోపం వచ్చింది ఆవిడకి.

జోగారావు నోరు తెరిచాడు. గున్నమ్మ కాళ్ళకేసి చూశాడు, బురదకేసి చూశాడు, జనంకేసి చూశాడు. నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. మాట రాలేదు. ఆ మాట పైకి అంటే తన చెవులతో తనూ వినాలి కదా. చెయ్యడానికి లేని సిగ్గు చెప్పడానికి అడ్డమొచ్చింది.

అప్పుడు తవిటమ్మ లేచి, 'రాయకండి బాబూ. ఆవిడ జరిగింది, ఇవ్వలేదు. నేనే తప్పు చెప్పాను' అంది. వరహాలు పుస్తకం మూశాడు. గున్నమ్మ తవిటమ్మకి దణ్ణాలేం పెట్టలేదు, కనీసం చూడను కూడా చూడలేదు. ఆవిడ మీదా కోపమే ఆ రోజు. ఉండకూడదా ఏం?

ఆ తర్వాత గున్నమ్మ టబ్బులన్నీ తనే ఒక్కొక్కటీ అవతల పెట్టింది. తన చోట్లో కూర్చుంది. రెండు కాళ్ళూ బార్లా చాపి, తడి బద్దలు పరిచి, దీపాలు పెట్టే వేళ దాకా కూర్చుని ఒక పెద్ద గంపకి అడుగు అల్లింది. కొనేవాళ్ళు లేకపోయినా అల్లింది.

పై లక్ష్మివారం జోగారావు వచ్చాడు. సామాను దించకుండా ముందు ఆవిడ దగ్గరికి నడిచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, 'అప్పా, ఈ పూటకి ఒక మూర జరుగుతావా' అన్నాడు.

గున్నమ్మ అల్లిక ఆపి, తలెత్తి చూసింది.

'జరగను' అంది.

జోగారావు 'సరేనప్పా' అని, టబ్బులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని, తనకున్న చోట్లోనే అమ్ముకున్నాడు. అన్నీ పట్టాయి.

కథ పోయె కంచికి,
కోపం వచ్చె ఇంటికి,
కునుకు రావాలి మన కంటికి.