వెంట్రుకవాసి వెనక్కి

హైమవతికి తన చేతుల మీద గట్టి నమ్మకం. మెదడు రక్తనాళాల వైద్యం నేర్చుకోవడానికి ఇమ్మానుయేలు గారి దగ్గర చేరి రెండేళ్లు కావస్తోంది. తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టాన్ని రక్తనాళంలోంచి గుండె పక్కగా మెడ దాకా నడిపించడం ఆమెకిప్పుడు మంచినీళ్లు తాగినంత తేలిక. గొట్టం తలలోకి చేరేసరికి మాత్రం ఆయన ముందుకొచ్చి, "ఇటివ్వమ్మా" అనేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"నా మీద నమ్మకం లేదా సార్?"

ఆయన నవ్వి, చేతి తొడుగులు విప్పుకుంటూ బయటికి నడిచారు.

ఆ వారమే ఖాసిం సాహెబ్‌ని తీసుకొచ్చారు. నాదస్వరం వాయించే పెద్దాయన. ఎవరిదో పెళ్లిలో వాయిస్తూ వాయిస్తూ తల పట్టుకుని కూలబడ్డాడట. మెదడులో ఒక రక్తనాళం గోడ పలచబడి, బుడగలా ఉబ్బి, కాస్త చిట్లింది. మళ్లీ చిట్లితే మనిషి దక్కడు. ఆ బుడగలోకి వెళ్లి, మెత్తటి ప్లాటినం తీగ చుట్టలు నింపి మూసెయ్యాలి.

"తల కోస్తారా తల్లీ?" అన్నాడాయన నీరసంగా.

"కొయ్యం సాహెబ్ గారూ. కాలి దగ్గర్నుంచే వెళ్తాం."

"మళ్లీ ఊదగలనా మరి?"

హైమవతి మాస్టారి వంక చూసింది. ఇమ్మానుయేలు గారే ఆయన చెయ్యి పట్టుకుని, "ముందు ఆ చిల్లు మూసేద్దాం. ఊదే సంగతి తరవాత చూద్దాం" అన్నారు.

కాసేపటికి సాహెబ్‌కి మత్తిచ్చారు. గొట్టం మెడ దాటింది. ఈసారి మాస్టారు చెయ్యి చాచలేదు.

"కానివ్వు" అన్నారు.

బుడగ దగ్గర నాళం రెండు మెలికలు తిరిగి ఉంది. హైమవతి గొట్టాన్ని ముందుకు తోసింది. ఎక్స్‌రే తెర మీద దాని మొన కదల్లేదు. ఇంకాస్త తోసింది. బయట గొట్టం లోపలికి పోతూనే ఉంది, మొన మాత్రం ఉన్నచోటే ఉంది. కిరణాలు తగలకుండా వేసుకున్న సీసపు కోటు కింద ఒళ్లంతా చెమట పట్టింది. పళ్లు బిగించి మళ్లీ తొయ్యబోయింది.

"ఆగమ్మా."

ఆయన గొట్టాన్ని ఆమె చేతిలోనే ఉంచారు. దాని లోపల దారి చూపే సన్నటి తీగని మాత్రం రెండు వేళ్లతో పట్టుకుని, వెంట్రుకవాసి వెనక్కి లాగారు.

 ఇంత కష్టపడి తెచ్చింది జారిపోతుందేమోనని హైమవతి తెర వంక చూసింది. మొన మెల్లగా ముందుకే జరిగింది. రెండో మెలిక దాటి, బుడగ ముఖద్వారంలో బుద్ధిగా ఆగింది.

ఆయన చేతులు తీసేసి వెనక్కి జరిగి నిలబడ్డారు. మిగతా పనంతా ఆమే చేసింది, ఒక్కో చుట్టనీ తొందరపడకుండా వదులుతూ. తెర మీద బుడగలోకి రక్తం పోవడం ఆగిపోయింది.

సాయంత్రం ఇద్దరూ వార్డుకి వెళ్లేసరికి ఖాసిం సాహెబ్ మెలకువగానే ఉన్నాడు. పేరడిగితే చెప్పాడు. కళ్లు మూసుకుని, దుప్పటి మీద రెండు చేతుల వేళ్లూ ఎత్తుతూ దించుతూ, తనలో తానే ఏదో రాగం పలికించుకుంటున్నాడు. ఒక్క వేలూ తడబడటం లేదు.

ఆయన్ని కదిలించబుద్ధి కాక గుమ్మం దగ్గరే ఆగారు.

"సార్, నేనంత తోసినా కదలంది, మీరు వెనక్కి లాగితే ఎలా కదిలింది?" అని మెల్లగా అడిగింది హైమవతి.

"నువ్వు తోసిందంతా ఆ మెలికల్లో ఇరుక్కుపోయింది, కదిలింది అదేనమ్మా" అన్నారాయన. "నేను దానికి కాస్త చోటిచ్చానంతే."