శిలాఫలకానికి అంటిన మట్టి

"మేలు చేసినవాడికి ఆ మేలు పొందినవాళ్ళ మీద కోపం రావడం తప్పా, సామీ?"

కోనాపురం మగ్గాల వీధి చివర, పెంకుటింటి పంచలో కూర్చున్న చెన్నయ్య సామిని ఒకనాటి ఉదయం ఓబులేసు అడిగిన ప్రశ్న ఇది. ఓబులేసు ఆ ఊరి పదకొండో వార్డుకు కౌన్సిలరు. కౌన్సిలరు కావడానికి పదేళ్ళ ముందునుంచీ సామికి శిష్యుడు.

చెన్నయ్య సామి వెనకటికి నేతగాడు. చూపు మసకబారి మగ్గం దిగాక, సాయంత్రాలు తత్త్వాలు చెప్పుకుంటూ, పగటిపూట ఇరుగుపొరుగు మగ్గాలకు కండెలు చుట్టిపెడుతూ కాలం గడుపుతున్నాడు. ప్రశ్నతో వచ్చినవాడికి ఆయన వెంటనే బదులు చెప్పినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు. ముందుగా రాట్నం అతని వైపు జరిపి, "ఈ నాలుగు కండెలూ చుట్టు నాయనా" అనేవాడు. సగం ప్రశ్నలు ఆ దారంతోపాటే కండెకు చుట్టుకుపోయేవి. మిగిలిన సగానికి ఏదో ఒక పని చెప్పి, ఆ పని అయ్యేదాకా పక్కన నిలబడేవాడు.

ఆనాడు కూడా రాట్నం జరిపాడు. ఓబులేసు దానిని ముట్టుకోలేదు.

"ఈ పూట నావల్ల కాదు సామీ. ఈ వీధి కోసం నేను పడిన పాట్లు మీకు తెలియనివా? వీధిదీపాలు వేయించాను. నడివీధిలో కొళాయి పెట్టించాను. ఈ సిమెంటు రోడ్డు కోసం మున్సిపల్ ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో ఆ చౌడేశ్వరమ్మకే ఎరుక. జ్యోతుల పండగ నాటికి అమ్మవారు కొత్త రోడ్డు మీద ఊరేగాలని పట్టుబట్టాను. పాత రోడ్డు తవ్వి తీయాలి, ఇంకో పదిహేను రోజులు పడుతుందన్నాడు కాంట్రాక్టరు. తవ్వుకుంటూ కూర్చుంటే పండగ దాటిపోదా? ఉన్నదాని మీదే పొయ్యమన్నాను. పోయించాను. నిలబడి పోయించాను!"

"ఊఁ" అన్నాడు సామి.

"నిన్న ప్రారంభోత్సవం. చైర్మన్ గారు వచ్చారు, మేళం వచ్చింది. ఈ వీధివాళ్ళు మాత్రం ఒక్కరంటే ఒక్కరు గడప దాటి రాలేదు. పోనీ అనుకున్నాను. తెల్లవారి వచ్చి చూద్దును కదా, శిలాఫలకం నిండా బురద! నా పేరు మీద, సామీ. అరచేత్తో మెత్తి మరీ పూశారు. పగవాడు కూడా ఇంత పని చేయడు. ఇటువంటివాళ్ళకా నేను సేవ చేయవలసింది?"

సామి రాట్నం ఆపాడు. "ఆ రాయి ఎక్కడ పెట్టించావు?"

"వీధి మొదట్లో. బస్సులు పోయే రోడ్డు మీదికి కనబడాలని ఆ చోటు నేనే ఎంచాను."

"అక్కడ ఇదివరకు ఏముండేది?"

"ఏముంది, పాత కాలువ నోరు. దోమలకు పుట్టిల్లు. పూడ్పించి దానిమీదే దిమ్మె కట్టించాను."

"బురద ఎటువంటిది?"

ఓబులేసుకు విసుగు వచ్చింది. బురదలో రకాలేమిటి? అయినా గురువు అడిగాడు గనుక తలచుకున్నాడు. పొద్దున అతడు గోటితో గీకి చూశాడు. "ఎర్రమట్టి సామీ. జిగురు జిగురుగా ఉంది. మధ్యలో నూలు పోగులు కూడా ఉన్నట్టున్నాయి."

"నూలు పోగులు" అని తనలో తాను అనుకున్నట్టుగా పలికి, చెన్నయ్య సామి చేతికర్ర అందుకుని లేచాడు. "పద. ముందు రాయి కడుగుదాం. కోపం సంగతి తరువాత చూద్దాం."

తూర్పు కొండ మీద మబ్బు కమ్ముతున్నది. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు వినిపిస్తున్నది గాని, ఓబులేసు తమ ముంగిలి దాటుతూ ఉండగా ఒక్కొక్క ఇంట్లో ఆ చప్పుడు ఆగి, అతడు దాటిపోయాక మళ్ళీ మొదలయింది. అది అతని చెవికి తగులుతూనే ఉన్నది. ఒకప్పుడు ఇదే వీధిలో, తన తల్లి మగ్గం పక్కన ఆడుకున్నవాడు అతడు. ఆమె పోయాక మగ్గం తీసేసి, బస్సుల రోడ్డు మీద పట్టుచీరల దుకాణం పెట్టి, దానిమీదే మేడ కట్టుకున్నాడు. అంతమాత్రాన తాను పరాయివాడినయ్యానా? వీధి కోసం పాటుపడినవాడిని ఈ వీధే వెలివేస్తున్నదా? అలా అనుకుంటూ ఉంటే కోపం మరింత ఎక్కువయింది.

కొళాయి దగ్గర ఎవరిదో ఇత్తడి బిందె ఉంటే సామి దానిని చూపించాడు. ఓబులేసు నింపి, భుజాన పెట్టుకుని, శిలాఫలకం ముందుకు వచ్చాడు. వీధివాళ్ళు ఇంటిల్లిపాదీ అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు. కౌన్సిలరు తన రాయిని తానే కడుక్కోవడం వాళ్ళకు వేడుకగా ఉన్నట్టుంది. ఒక ముసలాయన పక్కవాడితో అన్న మాట అతనికి స్పష్టంగానే వినిపించింది: "నిన్ననే కదా పుట్టింది, ఇవాళే నీళ్ళు పోస్తున్నారు బిడ్డకు!"

ఓబులేసు పళ్ళు బిగించి బిందె వంచాడు. చేత్తో రుద్దాడు. ఎర్రమట్టి కరిగింది. ముందు చైర్మన్ పేరు, తరువాత తన పేరు బయటపడ్డాయి. బిందె ఖాళీ అయింది. అతడు ఉత్తరీయంతో చేతులు తుడుచుకుని గురువు వైపు చూశాడు. సామి రాయి వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తున్నాడు.

ఓబులేసు కూడా అటు చూశాడు. నీళ్ళు దిమ్మె చుట్టూ ఒకసారి తిరిగాయి. కిందికి దిగే దారి వెతుక్కున్నట్టు ఒక్క క్షణం నిలిచాయి. ఆ దారి పూడిపోయింది. తరువాత కొత్త సిమెంటు అంచు వెంబడి సన్నగా, తీరికగా పాకుతూ, ఎదుటి ఇంటి గడప దగ్గరకు చేరాయి. గడపకు అడ్డంగా నాలుగు ఇటుకలు పేర్చి, సందుల్లో మట్టి మెత్తి ఉంది. ఆ ఇటుకల కింద ఏ సందు దొరికిందో గాని, నీళ్ళు లోపలికి దిగిపోయాయి.

లోపల మగ్గం చప్పుడు ఠక్కున ఆగింది.

"ఎవడ్రా అది? ఎవడ్రా నీళ్ళు పోసింది?"

ఆ గొంతు గంగులమ్మది. ఆమె ఓబులేసు తల్లికి ఈడుజోడు, పక్కపక్క మగ్గాల మీద కూర్చుని నలభై ఏళ్ళు నేసిన మనిషి. పిల్లలు లేరు, భర్త పోయాడు. మగ్గం ఒక్కటే మిగిలింది. ఆమె చేట పట్టుకుని గడప మీదికి ఎక్కి వచ్చింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి ఉన్నాయి. మోకాళ్ళ కింది నుంచి పాదాల దాకా ఎర్రమట్టి, ఆ మట్టిలో నూలు పోగులు.

ఓబులేసు ఆ పాదాలనే చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వా, ఓబులేసూ! వాన చేసింది చాలక నువ్వు కూడా బిందెతో బయలుదేరావా? ఒరే, తొమ్మిది రోజులు తోడానురా ఈ మగ్గం గుంటలో నీళ్ళు! తొమ్మిది రోజులు మగ్గం ఎక్కలేదు. పొద్దున్నే కదా కాలు పెట్టింది!"

"నేనే పొయ్యమన్నాను తల్లీ" అన్నాడు చెన్నయ్య సామి.

"మీరా?" ఆమె ఆయన వైపు తిరిగింది. గురువని జంకలేదు. "మీరు ఈ గుంటల్లో బతికినవారే కదా. మీకైనా తెలియవద్దా? పెద్దమనిషిని పట్టుకుని నోరు జారతానని ఊరుకుంటున్నాను!"

సామి తల వంచుకున్నాడు. ఆ తిట్టు తనకు రావలసినదే అన్నట్టు నిలబడ్డాడు.

ఆ సమయంలో ఓబులేసుకు, తాను మరచిపోయాననుకున్నది ఒకటి గుర్తుకు వచ్చింది. రోడ్డు పడిన మూడో రోజున వాన కురిసింది. ఇంట్లోకి నీళ్ళు దిగుతున్నాయని చెప్పుకోవడానికి ఆ మరునాడు గంగులమ్మ దుకాణానికి వచ్చింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు అతడు కొనుగోలుదార్ల ముందు పట్టుచీర విప్పుతున్నాడు. చీర మీది నుంచి కళ్ళు ఎత్తకుండానే అన్నాడు: "గడపకు అడ్డంగా నాలుగు ఇటుకలు పెట్టుకో చిన్నమ్మా. దీనికింత గోలా?" ఆ మాట అన్న నోరే ఇందాక పంచలో కూర్చుని, కృతజ్ఞత లేదని వాపోయింది.

అయినా మనిషి వెంటనే ఓడిపోడు. "ఇది ఆ కాంట్రాక్టరు చేసిన పని చిన్నమ్మా" అన్నాడు. "ఇవాళే వాడి సంగతి తేలుస్తాను. ఇంజనీరును కూడా వదలను."

"తవ్వొద్దని వాళ్ళతో అన్నదెవరు?"

ఓబులేసు చూపు గడపకు అడ్డంగా ఉన్న ఇటుకల మీదికి పోయింది.

"నీ ఒక్కడినే అననులే" అన్నది గంగులమ్మ. కోపం తగ్గలేదు గాని, గొంతు తగ్గింది. "నీకు ముందు కౌన్సిలరు ఒక పొర పోశాడు. వాడికి ముందువాడు కంకర పరిచాడు. వచ్చినవాడల్లా మాకు మేలు చేసి, మా నెత్తిన జానెడేసి ఎత్తు పోసిపోయాడు. మా ఇళ్ళు కుంగిపోలేదు నాయనా. మీరు వీధినే పైకి లేపారు. నిలబడి చూసేవాడికి బాగానే ఉంటుంది రోడ్డు. దిగి కూర్చుని చూడు. దిగు!"

వీధి అంతా చూస్తూ ఉండగా పదకొండో వార్డు కౌన్సిలరు చెప్పులు విప్పి, ఇటుకలు దాటి, లోపలికి దిగాడు. దిగడమే. గడప నుంచి నేల రెండడుగుల లోతుకు పోయింది. గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంట. దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి, కింద ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. ఓబులేసు ఆ అంచు మీద కూర్చుని కాళ్ళు వేశాడు. చల్లటి బురద చీలమండలు దాటి వచ్చింది. గుంట గోడకు చెయ్యి ఆనిస్తే మట్టి పెళ్ళగా ఊడి, నీళ్ళలో పడింది. ఎదుట మగ్గం మీద సగం నేసిన చీర, కనకాంబరం రంగుది, బిగిసి ఉంది. దాని అంచున అప్పుడే గోధుమరంగు చార ఒకటి పాకి ఉంది.

"ఇంకొక్క వాన పడితే గోడ కూలుతుంది" అన్నది గంగులమ్మ పైనుంచి. "గోడ కూలితే మగ్గం కూలినట్టే. ఈ వయసులో నేను మరమగ్గాల షెడ్డులో చీపురు పట్టుకోవాలి. అటు చూడు, వాకిలి వైపు. ఏం కనిపిస్తున్నది?"

చూశాడు. అతని కనుబొమల ఎత్తున సిమెంటు రోడ్డు అంచు ఉంది. దానిమీద వీధివాళ్ళ పాదాలు, చెప్పులు, సామి చేతికర్ర మొన కనిపిస్తున్నాయి.

"మీ అమ్మా నేనూ నేసే రోజుల్లో" అన్నదామె, "మగ్గం మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళ మొహాలు కనబడేవి. నువ్వు బడి నుంచి వస్తున్నావని మీ అమ్మ ఇక్కడినుంచే కేకేసి నాకు చెప్పేది. ఇప్పుడు చూడు, చెప్పులు కనిపిస్తాయి. చెప్పులను బట్టి మనిషిని పోల్చుకుంటున్నాను. నిన్న మేళంతో పోయినవాటిలో నీ చెప్పులు కూడా చూశాను. అవును, నేనే పూశాను ఆ మట్టి. నా గుంటలో మట్టే. మీరు ఇచ్చినది మీకే ఇచ్చాను. ఏం చేస్తావో చేసుకో."

ఓబులేసు చాలాసేపు గుంటలోంచి లేవలేదు. పొద్దుటి నుంచి అతని లోపల మండుతున్న కోపం ఆరిపోలేదు. ఆరిపోతే బాగుండునని అతనికి అనిపించింది. ఎదుటివాళ్ళ మీద ఉన్నంతసేపు అది ఎంత తేలికగా ఉండేదో, ఇప్పుడు తన మీదికి తిరిగాక అంత బరువుగా ఉన్నది. తన తల్లి ఇటువంటి గుంటలోనే కాళ్ళు పెట్టి తనను పెంచింది. రోడ్డు పోసేటప్పుడు తాను నిలబడి పోయించాడు. ఒక్కసారి, ఒక్క ఇంట్లో, కూర్చుని చూసి ఉంటే!

కొండ మీద ఉరిమింది. గంగులమ్మ ఉలిక్కిపడి, కిందికి దిగి వచ్చి, తన పైట కొంగు లాగి మగ్గం మీది చీర మీద కప్పబోయింది. ఆ ఒక్క కదలిక చూశాక ఓబులేసు ఇక కూర్చోలేకపోయాడు.

పైకి ఎక్కి వచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా ఎరుపు. "గడ్డపార ఎవరింట్లో ఉంది?" అని అడిగాడు. ఎవరూ వెంటనే కదలలేదు. ఇందాక వేళాకోళం చేసిన ముసలాయనే లోపలికి పోయి, తుప్పు పట్టిన గడ్డపార ఒకటి తెచ్చి, మాట్లాడకుండా అతని చేతికి ఇచ్చాడు. ఇచ్చి, అరుగు దిగి, పక్కన నిలబడ్డాడు.

ఓబులేసు గంగులమ్మ గడప ముందు నిలబడి గడ్డపార ఎత్తాడు. ఎత్తి ఆగాడు. ఇక్కడ పగలగొడితే నీళ్ళు ఎటు పోతాయి? ముందుగా వాటికి దారి తెరవవలసినది ఎక్కడ? రోడ్డు పొడుగునా చూశాడు. మొదటి చినుకు కొత్త సిమెంటు మీద పడి, నల్లటి మచ్చ అయింది.

"సామీ" అన్నాడు, "ఎక్కడినుంచి మొదలుపెట్టను?"

చెన్నయ్య సామి చేతికర్ర ఎత్తి, పూడిపోయిన కాలువ నోటి మీద తళతళలాడుతున్న శిలాఫలకాన్ని చూపించాడు.

"ఆ రాయిని కడుగుతూ మధ్యలో ఆపేసి వచ్చావు నాయనా" అన్నాడు.