మూతపెట్టిన హార్మోనియం

విశాఖపట్నంలో టీవీ పాటల పోటీ సెలక్షన్లకు వెళ్లిన దమయంతి మొదటి రౌండులోనే ఇంటిముఖం పట్టింది. పలాసలో జీడిపప్పు ఒలిచే పని ఆమెది. పెళ్లి ఊరేగింపైనా, వినాయక చవితి పందిరైనా ఆ చుట్టుపక్కల పాటంటే దమయంతే పాడాలి. ఆ పోటీకి పాతికేళ్లు దాటితే రానివ్వరు. ఆమెకు మిగిలింది ఇంకొక్క అవకాశం, వచ్చే ఏడాదిది.

తిన్నగా గున్నయ్య మేస్టారి దగ్గరికొచ్చింది. ఆయన నలభై ఏళ్లు పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. నాలుగేళ్లుగా ఆమెకు పాట నేర్పుతున్నదీ ఆయనే.

"ట్రాక్ ఇవ్వనేదు మేస్టారూ. పక్కన వాయిద్యం నేదు, ఉత్తినే పాడమన్నారు. ఆ గదీ బాగోనేదు, గొంతు గింగురుమంటాది. నాకో పెద్ద పాట నేర్పండి. ఈసారి ఆళ్ల నోరు మూయించాల."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వరస. మేస్టారు ఆ మాట అనలేదు. హార్మోనియం ముందుకు లాక్కుని, "అక్కడ పాడిందే పాడు" అన్నారు.

ఆమె కళ్లు మూసుకుని ఎత్తుకుంది. పల్లవి దాకా ఆయన వేళ్లు పాట వెంటే నడిచాయి. చరణంలో చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. దమయంతి కాస్త తడబడింది గానీ పట్టుదల మనిషి, ఆపకుండా చివరిదాకా పాడింది. బాగానే పాడాననుకుంది.

అప్పుడాయన, ఆమె ఎక్కడ మొదలుపెట్టిందో ఆ ఒక్క మెట్టూ నొక్కి పట్టుకున్నారు.

పాట ఒకచోట ఉంది, శ్రుతి ఇంకోచోట ఉంది. ఎవరూ చెప్పక్కర్లేకుండా ఆమెకే వినపడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నాలుగేళ్లూ ఇలాగే జారిపోనానా? మరెప్పుడూ తెలీనేదేటి?"

"నువ్వు జారినప్పుడల్లా నా సేతి యేళ్లు నిన్ను పట్టుకునీవి. నాటకాల అలవాటు. తప్పు నాదేనే" అన్నారు మేస్టారు. ఆ వయసులో ఆ మాట అనడానికి ఎంత మనసుండాలి!

మర్నాటి నుంచి పద్ధతి మారింది. ఫ్యాక్టరీకి వెళ్లేముందు ఆమె వస్తుంది. ఆయన ఒక్క మెట్టు నొక్కి హార్మోనియం మూతపెట్టేస్తారు. పాటంతా అయ్యాక మూత తీసి మళ్లీ అదే మెట్టు నొక్కుతారు. తేడా వస్తే "రేపు రా." అంతే. వానలు పోయాయి, చలి వచ్చింది, ఆ "రేపు రా" మాత్రం పోలేదు. జీడిపప్పు ఒలుస్తున్నంతసేపూ దమయంతి ఆ స్వరాన్ని లోలోపల పట్టుకునే కూర్చునేది. "మాటాడదేటీ పిల్ల?" అని పక్కవాళ్లు మూతి విరిచారు.

ఒకరోజు మూత తీసి నొక్కితే తేడా లేదు. ఆ రోజు మేస్టారు "రేపు రా" అనలేదు.

మళ్లీ సెలక్షన్లు వచ్చాయి.

"మీరూ రండి మేస్టారూ. గుమ్మం బయట కూకున్నా సాలు, నాకు ధైర్యం."

"నాకు పనుంది" అన్నారాయన. ఆయనకు ఏ పనీ లేదని ఊరందరికీ తెలుసు. దమయంతికి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని ఒక్కతే రైలెక్కింది.

మూడోనాడు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"సెలక్టయిపోనాను మేస్టారూ! హైదరాబాదు రమ్మన్నారు!"

ఆయన తలూపి హార్మోనియం ముందుకు లాక్కున్నారు. ఆమె అలవాటుగా ఎదురుగా కూర్చుంది. ఆ ఒక్క మెట్టు మోగడం కోసం, ఆ తర్వాత మూత చప్పుడు కోసం ఎదురుచూసింది.

మూత పడలేదు. ఇన్ని నెలల తర్వాత మేస్టారి వేళ్లన్నీ మెట్లమీద సర్దుకున్నాయి.

"పాడవే. ఇప్పుడు నీ ఎనకాల నానొస్తాను."