ముక్కెడు గింజల అద్దె

జొన్నచేల మధ్య ఒక నేలబావి. దాని మీదికి వంగిన తుమ్మకొమ్మకు రెండు గూళ్ళు వేలాడుతుండేవి. రెండూ ఒకే గిజిగాడివి. ఒకటి తాను ఉండడానికి, ఒకటి అద్దెకివ్వడానికి. రెక్కాడితేగాని డొక్కాడని జాతిలో పుట్టినవాడికి ఆ ముందుచూపు ఎక్కడిదో గాని, మంచిదే అయింది. ఆ ఏడే కాపలావాళ్ళ వడిసెల రాయి తగిలి అతని కుడిరెక్క పోయింది. ఇక చేలదాకా ఎగరలేడు. బతుకంతా ఆ రెండో గూటి అద్దె మీదే.

అద్దెకు దిగింది ఒక పిచ్చుక. పొద్దున ముక్కెడు, సాయంత్రం ముక్కెడు జొన్నగింజలు తెచ్చి గిజిగాడి ముందు పోసేది. వాన పడినా, కాపలావాళ్ళు తరిమినా ఒక్క పూట తప్పలేదు. పొట్ట నిండాక గిజిగాడికి ఆశ మొదలైంది.

అది ముందుగా కనిపెట్టింది కాకి. కాకి ఇళ్ళ బేరాలు చూస్తుంది. ఎవరికి ఏ ఇల్లు చూపించినా, లోపల ఏముందో ముందు తాను చూసుకుంటుంది.

"ఇంత ఇల్లు పిచ్చుకకిచ్చావేంటి బావా? గోరింక మొగుడూపెళ్ళాలు ఇల్లు వెతుకుతున్నారు. పూటకు నాలుగు ముక్కులిస్తారు. కాకపోతే ఒళ్ళున్నవాళ్ళు, ఈ వాకిలి గొట్టంలో పట్టరు. అది కాస్త కోసి ఉంచు. రేపు పొద్దున తీసుకొస్తా."

ఆ గోరింకల్ని ఒకసారి చూస్తానని గిజిగాడు అననైనా అనలేదు. ఆశ లావు, పీక సన్నం అంటారు. ఇతను గూటి పీకే కోయడానికి సిద్ధపడ్డాడు.

పిచ్చుకను పిలిచి ఖాళీ చెయ్యమన్నాడు.

"గుడ్లు పొదుగుతున్నా బాబాయ్. మూడున్నాయి. పిల్లలకు రెక్కలు రాగానే నేనే వెళ్ళిపోతా, నెల కూడా పట్టదు."

"నెలదాకా వాళ్ళు ఆగరమ్మాయ్. రేపటికల్లా చూసుకో."

మబ్బును చూసి ముంత ఒలకబోసుకోవడమంటే ఇదే. తెల్లవారగానే పిచ్చుక మోటారు కొట్టం చూరులో చోటు వెతకడానికి వెళ్ళింది. గుడ్లను ఎలా మోసుకుపోతుందని గిజిగాడికి తోచనే లేదు. నాకు అతని మీద కోపం వచ్చేది అక్కడే. ఆమె వచ్చేలోగా పని కానిద్దామని గొట్టం కోసేశాడు. కాకులు చొరబడకుండా ఒకప్పుడు తానే అల్లిన గొట్టం అది.

గొట్టం బావిలో పడగానే కాకి వచ్చి వాలింది. వెంట గోరింకలు లేవు. గూట్లో తల పెట్టి మూడుసార్లు మింగింది. గిజిగాడు ఒంటిరెక్కతో కొట్టబోయాడు. కాకి ముక్కు తుడుచుకుంది.

"ఇల్లు ఖాళీ అయింది బావా. ఇక నీ ఇష్టం," అని ఎగిరిపోయింది.

పిచ్చుక తిరిగి వచ్చింది. గూట్లోకి చాలాసేపు చూసింది. ముక్కున ఉన్న గింజలను ఎప్పటిలాగే గిజిగాడి ముందు కొమ్మ చీలికలో పోసింది.

"రాత్రి నలుగురం ఇక్కడే పడుకున్నాం బాబాయ్. ఇదిగో అద్దె."

అంతే అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ చెట్టు మీద వాలలేదు.

వాకిలి లేని గూడు ఎవరూ తీసుకోలేదు. వారం తిరక్కుండా అది కుంగి జారసాగింది. బాగుచేద్దామని దగ్గరికి వెళ్ళిన గిజిగాడికి తన పాత అల్లికల మధ్య కొత్త గరికపోచలు కనిపించాయి. అవి తాను అల్లినవి కావు. గాలికి వదులైన చోటల్లా పిచ్చుక రోజూ ఒక పోచ దూర్చి బిగించుకుంటూ వచ్చింది. అడిగి చేసింది కాదు, చెప్పుకున్నదీ కాదు. ఆమె చెయ్యి తప్పగానే గూడు ఆగలేదు. తర్వాతి గాలివానకు తెగి బావిలో పడింది.

గిజిగాడు ఆకలితో కొమ్మ మీద మిగిలాడు. చీలికలో ఆ చివరి ముక్కెడు గింజలు అలాగే ఉన్నాయి. ఎన్నిసార్లు వంగినా వాటిని తినలేకపోయాడు.

ఇల్లు కూడు పెట్టదు, ఇంట్లో ఉన్నవాళ్ళు పెడతారు.