రాజుగారి నేల మీద అరుగు

సముద్రం ఒడ్డున ఒక పట్నం ఉండేది. దాన్ని ఏలే రాజు ఏడు సముద్రాల అవతల ఉండేవాడు. ఆ పట్నాన్ని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. కానీ అందులో ఏ ఇంటి అరుగు ఎన్ని అంగుళాలు వీధిలోకి వచ్చిందో ఆయనకు తెలిసి తీరాలి.

అందుకోసం ఒక ఆఫీసు, ఆఫీసులో ఒక దొర, దొర కింద ఒక గొలుసాయన ఉన్నారు. గొలుసాయన ఈ ఊరివాడే. ఇనప గొలుసుతో నేల కొలవడం అతని పని. ఇంట్లో కూడా మంచానికీ గోడకీ మధ్య కొలిచిగానీ పడుకోడని అతని భార్య చెప్పుకునేది.

ఉప్పుకొఠార్ల వీధిలో ఒక పక్క ఇళ్ళు, ఎదుటి పక్క ఈ ఆఫీసు. ఒకరోజు గొలుసాయన ఇళ్ళ పొడుగునా సున్నంతో తెల్లటి గీత గీశాడు. అది ప్రతి అరుగునూ నడిమికి కోసుకుంటూ పోయింది.

"గీతకి వీధివైపున్నదంతా రాజుగారి నేల. దానిమీద అనుమతి లేకుండా ఏదీ ఉండకూడదు. అభ్యంతరాలు చెప్పుకోడానికి గీత ఒక రాత్రి ఉంటుంది. రేపు తొమ్మిదింటికి గునపాలవాళ్ళు వస్తారు" అన్నాడు.

ఆ వీధిలో అన్నిటికంటే పెద్ద అరుగు ఒకామెది. పెద్దదంటే మరేం కాదు, ఇరుక్కుంటే ఏడుగురు పడతారు. మగవాళ్ళకు కూర్చోడానికి చోట్లకేం? కల్లు దుకాణం ఉంది, కాఫీ హోటలు ఉంది, రేవు గట్టు ఉంది, ఏదీ లేకపోతే నడివీధి ఉంది. ఆడది ఎందుకు కూర్చున్నావని అడిగించుకోకుండా కాసేపు ఊరికే కూర్చోగలిగిన జాగా ఆ అరుగొక్కటే. మొగుడు కొడితే అక్కడికే వచ్చేవాళ్ళు. అత్త తిడితే అక్కడికే. కోడళ్ళు తిరగబడితే అత్తలూ అక్కడికే.

అరుగామె ఆఫీసుకు వెళ్ళింది.

"అనుమతి ఇప్పించండి బాబూ."

"ఇంటి యజమాని సంతకం కావాలి" అన్నాడు గొలుసాయన.

"యజమానిని నేనే."

అతను నవ్వాడు. "మీ ఆయనేడీ?"

"రంగూన్ పోయాడు. పన్నెండేళ్ళయింది."

"అయితే సంతకం రంగూన్ నుంచి తెప్పించు."

"మనిషే రాలేదు, సంతకం వస్తుందా? పోనీ, పడగొట్టడానికి ఎవరి సంతకం కావాలి?"

"దానికి ఎవరిదీ అక్కర్లేదు."

మర్నాడు తెల్లవారుజామున ఆమె లేచింది. లేచిన ఆడది ఏం చేస్తుంది? వాకిలి ఊడ్చింది, కళ్ళాపి చల్లింది, ముగ్గు పెట్టింది. నలభై గుమ్మాల ముందూ నలభై మంది అదే పని చేశారు. ఎదురుతిరగాలని ఎవరూ అనుకోలేదు. నిద్రకళ్ళతో చేసే పనికి ఆలోచనెందుకు? తొమ్మిదింటికి గునపాలవాళ్ళు వచ్చేసరికి వీధినిండా పద్మాలూ చిలకలూ ఉన్నాయి. రాజుగారి గీత మాత్రం లేదు. గీత కనపడందే గునపం వెయ్యడానికి లేదు.

గొలుసాయన మళ్ళీ గీశాడు. మర్నాడు మళ్ళీ అదే. మూడోనాడు దొరే దిగి వచ్చాడు. కళ్ళాపి మానెయ్యమన్నాడు.

చదువొచ్చిన పక్కింటి కోడలు ఆఫీసు గోడకంటించిన కాగితం గట్టిగా చదివింది: ఎవరి వాకిలి వాళ్ళు రోజూ శుభ్రం చేసుకోకపోతే జుల్మానా.

"రెండూ మీరే చెప్పారు దొరగారూ. ఏది చెయ్యాలో మీలో మీరు తేల్చుకుని చెప్పండి" అంది అరుగామె.

దొర వెళ్ళి నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఒకటి దొరికింది. వీధి మనిషే తన చేత్తో గీత గీస్తే అందరూ ఒప్పుకున్నట్టే. ఇక ఒక రాత్రి ఆగనక్కర్లేదు. ఆ గీతను మళ్ళీ ఎవరూ చెరపడానికీ లేదు.

సాయంత్రం గొలుసాయన వచ్చాడు. "అమ్మా, నీ పంట పండింది. రేపు కళ్ళాపి అయ్యాక గీత నువ్వే వెయ్యి. నీ అరుగుకి నీ పేరునే అనుమతిస్తామన్నారు."

"మరి మిగతా అరుగులు?"

"అవి నీవి కావు కదా."

ఆమెకు బుద్ధెరిగాక తన పేరున ఒక కాగితం ముక్క లేదు. ఆశ పుట్టలేదంటే అబద్ధం. "సరే" అంది.

తెల్లారి ఆమె ముగ్గుబుట్ట పట్టుకుని బయల్దేరేసరికి సంగతి తెలిసి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది.

"అమ్ముడుపోయావుటే!" అంది పక్కింటి ముసలమ్మ. "రేపట్నించి నీ అరుగుమీద నువ్వొక్కదానివే కూర్చో!"

"కూర్చుంటాలే అత్తా, ముందు గీత కానీ."

గీత మొదటి ఇంటి దగ్గర మొదలై, అరుగులన్నీ కోసుకుంటూ, చివరింటి దాకా సూటిగా పోయింది. "చాలు, ఆపు" అన్నాడు గొలుసాయన.

"ఆపడమేంటి బాబూ? గీత కలపొద్దూ? కలవని గీతలోంచి దయ్యం దూరుతుందని మీ అమ్మ చెప్పలేదూ?"

చెప్పింది. రోజూ చెప్పేది. ఊరివాడు కావడంలో ఉన్న చిక్కే అది. గొలుసాయన చుట్టూ చూసి, "త్వరగా కలిపెయ్యి" అన్నాడు.

ఆమె మలుపు తిరిగింది. వీధికి అడ్డంగా దాటింది. దొర గుర్రపుశాల పక్కనుంచి ఆఫీసు వెనక్కి పోయింది. ఆఫీసు మొత్తాన్నీ చుట్టి, మళ్ళీ వీధి దాటి, మొదలెట్టిన చోట గీత కలిపి చేతులు దులుపుకుంది.

తొమ్మిదింటికి వచ్చిన గునపాలవాళ్ళ పెద్ద గీత చూసి బుర్ర గోక్కున్నాడు. "అయ్యా, గీతకి వీధివైపున్నదంతా అన్నారు. ఆఫీసు కూడా ఇటే ఉంది. దానికి అనుమతుందా?"

దొర పుస్తకమంతా వెతికాడు. ఆఫీసుకి అనుమతి ఎవరూ తీసుకోలేదు. అనుమతిచ్చేది ఆఫీసే కాబట్టి ఎవరికీ తోచలేదు. పడగొడితే అరుగులూ ఆఫీసూ రెండూ పడగొట్టాలి, లేకపోతే రెండూ వదలాలి. దొర రాజుగారికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. అరుగామె పేరున రాసిన కాగితం సంతకం కాకుండానే చెత్తబుట్టలో పడింది. ఆమె దాన్ని కిటికీలోంచి చూసింది. చేతికంటిన ముగ్గుపిండి కొంగుకి తుడుచుకుంది.

తర్వాత వెనక్కి తిరిగి కేకేసింది. "అత్తా! చేటలు పట్టుకు రండి. ఇక్కడ నీడ బాగుంది."

ఆ మధ్యాహ్నం ఆఫీసు వరండాలో నలభై మంది ఆడవాళ్ళు బియ్యం బాగుచేసుకుంటున్నారు. బంట్రోతు పరిగెత్తుకొచ్చి, "లేవండి, లేవండి! ఇక్కడ కూర్చోకూడదు!" అన్నాడు.

"నువ్వూ పొద్దుట్నించీ నిలబడే ఉన్నావు, కూర్చో నాయనా" అంది ముసలమ్మ జరిగి చోటిస్తూ.

ఏం చెయ్యాలో చెప్పమన్నట్టు బంట్రోతు గొలుసాయన కోసం చూశాడు. గొలుసాయన అప్పటికే స్తంభానికి చేరగిలపడి, చేట ఒళ్ళో పెట్టుకుని రాళ్ళు ఏరుతున్నాడు.