బతికున్నవాళ్ళకి వారసులుండరు

ఒక రాజ్యంలో వారసుల్ని వెతికిపెట్టేవాడు ఒకడుండేవాడు. నా అనేవాళ్ళు లేకుండా ఎవరైనా పోతే రాజుగారి మనుషులొచ్చి ఆ ఇంటికి తాళం వేసి, లక్కముద్ర కొట్టి, తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టేవారు. ఆ చెవి ఎవరికి చెందాలో వాళ్ళు ఏ మూలనున్నా వెతికి పట్టుకోవడం అతని వృత్తి.

పనిమంతుడే. అందులో వంక పెట్టడానికి లేదు. చాకిరేవుల్లో, మంత్రసానుల అరుగుల మీద కూర్చుని, అడిగీ అడగనట్టు అడుగుతూ, ఎవరి తాత ఎవరికి మేనమామో కూపీ లాగేవాడు. ఎక్కడో అడవి అంచున మేకలు కాసుకునేవాడి తలుపు తట్టి, నీకో ఇల్లొచ్చిందయ్యా అని చెప్పిన రోజు అతని మొహం చూడాలి. ఆ ఇల్లేదో తనకే వచ్చినంత సంబరం.

ఆ వృత్తికి రెండు కట్టుబాట్లుండేవి. తాళం పడని ఇంటి కోసం ఎవర్నీ వెతకకూడదు. మనిషి దొరికాక కూడా, తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాల పేర్లూ తన నోటితో తను చెప్పేదాకా పోయిందెవరో బయటపెట్టకూడదు. లేకపోతే ఆస్తి అనేసరికి ఊరూరా చుట్టాలు పుట్టుకొస్తారు కదా మరి.

ఆ ఊళ్ళోనే చాపలల్లుకుని బతికే ఆవిడ ఒకతె ఉండేది. ఓ రోజు పొద్దున్నే నడుచుకుంటూ అతని దగ్గరకొచ్చింది. చిన్నప్పుడు ఏరు పొంగినప్పుడు తననీ చెల్లెల్నీ చెరో పడవలో ఎక్కించారట. తనకప్పుడు ఏడేళ్ళు, దానికి ఐదు. ఆ రెండు పడవలూ మళ్ళీ కలవలేదు. ఊరి పేరు గుర్తులేదు గానీ తండ్రి, తాత, ముత్తాత పేర్లు గుర్తున్నాయట. చచ్చేలోగా దాన్ని ఒక్కసారి చూడాలనుంది, వెతికిపెట్టమంది.

అతనికి నవ్వొచ్చింది. "బతికున్నవాళ్ళకి వారసులుండరమ్మా" అన్నాడు.

"వారసురాలెందుకు బాబూ నాకు? నా చెల్లెలు కావాలి."

ఆ తేడా అతని తలకెక్కలేదు. రెండోసారి ఆవిడ కర్ర పట్టుకుని వచ్చింది. మూడోసారి ఎవరి బండిలోనో పడుకుని వచ్చి, దిగలేక బండిలోంచే అడిగింది. ప్రతిసారీ అదే మాట మర్యాదగా చెప్పి పంపించాడు. ఒక్కనాడూ కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేదేమో, ఇంకెవరినైనా అడిగి ఉండేది.

ఎండలు ముదిరే రోజుల్లో ఆవిడ పోయింది. ఇంటికి తాళం పడింది, ముద్ర పడింది, చెవి అతని చేతికొచ్చింది. ఇంక చూసుకోండి, చంకన సంచీ తగిలించుకుని మర్నాడే బయల్దేరాడు.

వెతకడానికేముంది, నా తలకాయ! మూడు రోజులు నడిచి, మొట్టమొదట తగిలిన రేవులో పడవవాణ్ణి కదిపితే, వాడు పూర్తిగా వినకుండానే చెప్పేశాడు. అవతలి ఒడ్డున ఒక ముసలమ్మ ఉందట. పడవ ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ, మా అక్క ఎక్కడైనా కనపడిందా అని అడక్కుండా వదలదట. తన తండ్రి పడవ నడిపే రోజుల నుంచీ ఇదే వరస అన్నాడు. ఆవిడ మొదటిసారి నడిచొచ్చిన రోజే బయల్దేరి ఉంటే, అనుకుని అతను ఆ తలపుని అక్కడే నొక్కేశాడు.

ముసలమ్మ గుమ్మంలో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. పేర్లు చెప్పమన్నాడు. ఎందుకని అడగలేదు ఆమె. చేట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, బడిపిల్ల అప్పజెప్పినట్టు చెప్పింది. "మా నాన్న దాలయ్య. తాత గవరయ్య. ముత్తాత సూరన్న." చెబుతుంటేనే ఆమె మొహం విప్పారింది. ఈ పేర్లతో పనిపడే మనిషి లోకంలో ఇంకొకతే ఉంది.

"అక్క పంపించింది కదూ?" అంది.

ఎన్నో గుమ్మాల్లో చెప్పిన మాటే ఇక్కడా చెప్పబోయాడు. ఆమె ఆగితేగా. అక్క నడుస్తోందా, చూపు ఆనుతోందా, నన్ను చూస్తే పోల్చుకుంటుందా అని అడుగుతూనే లోపలికెళ్ళి ఎసరు దించేసింది. రెండు చీరలు మూట కట్టింది. అక్కకిష్టమని ఆ మూటలో బెల్లమచ్చు పెట్టింది. ఏడేళ్ళప్పటి ఇష్టం అది.

అతనింక చూడలేకపోయాడు. తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు. లక్క అంటిన తాళంచెవి అంటే ఏమిటో ఆ రాజ్యంలో తెలియనివాళ్ళు లేరు.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఎన్నాళ్ళయింది?" అంది.

"ఐదు రోజులు."

"నువ్వు నన్ను వెతకబట్టి?"

"మూడు రోజులమ్మా."

"మూడు రోజుల్లో దొరికేదాన్నేనన్నమాట" అంది ముసలమ్మ.

అతను తల దించుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా, నాలుగు దులిపినా బాగుండుననుకున్నాడు. ఆమె మూట విప్పి చీరలు దండెం మీద వేసింది, బెల్లం ఉట్టిలో పెట్టింది. బయటకొచ్చి తన ఇంటి తలుపు లాగి తాళం వేసింది. అక్క తాళంచెవి పక్కన తనదీ చేర్చి, రెండూ అతని చేతిలో పెట్టి గుప్పిట మూసింది.

"నాకూ ముందూ వెనకా ఎవరూ లేరు నాయనా. మళ్ళీ ఇంత దూరం నడిచి రావడం దేనికి? ఇదీ ఇప్పుడే పట్టుకుపో."

"అదేమిటమ్మా, నువ్వు బతికే ఉన్నావు కదా" అన్నాడతను. అతనికి ఏడుపొచ్చింది.

"ఎవరికి?" అని, ముసలమ్మ తాళం వేసిన గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది.