సుగుణమణి గారి కుర్చీ

నా చొక్కా జేబులో డిజిటల్ థర్మామీటరు పెన్నులా పైకి కనిపిస్తూ ఉంటుంది. గొప్పకు కాదు. పనిముట్టు దాచుకునే మనిషిని కాను. అది నా నిజాయితీ. సిటీ బస్సులో కూడా తియ్యను.

కల్యాణ మండపంలో కుర్చీలూ జనరేటరూ చూసుకునే పరదేశి అనేవాణ్ణి, విశాఖలో ఒక ఆఫీసు భవనంలో ఫెసిలిటీ మేనేజరు ఖాదర్ వలీ గారి దగ్గర పని నేర్చుకోడానికి చేరాను. నెలాఖరుకు ఆయన రిటైరు. పని వచ్చిందని ఆయనకు అనిపిస్తే తాళాల గుత్తి నాకు. లేదంటే నేను మళ్లీ మండపానికి.

నాలుగో అంతస్తులో అద్దెకున్న కంపెనీకి అకౌంట్స్ చూసే సుగుణమణి గారు చలిగా ఉందని కబురు పెట్టారు. తలుపు దగ్గరే నిలబడి, నలుగురికీ కనబడేలా మీటరు తీశాను.

"ఇరవై నాలుగు మేడమ్. సరిగ్గా ఉంది."

"నాకు చలేస్తోందయ్యా!"

"మీటరుకు వెయ్యట్లేదండీ."

"దానికి మెడ లేదుగా నాయనా!"

అంతస్తంతా నవ్వింది. నా పక్షానే నవ్వుతున్నారనుకున్నాను.

మళ్లీ పిలిచారు. మళ్లీ మీటరు తీశాను. ఈసారి ఆవిడ శాలువా సర్దుకుని, "సోమవారం మా పెద్దసారు వస్తున్నారు. ఈ చలికొంప ఖాళీ చేసేద్దామని చెప్తాను" అన్నారు.

ఒక్క పరుగున ఖాదర్ గారి దగ్గరికి వచ్చి పడ్డాను. "గురువు గారూ, భవనం ఆరోగ్యంగానే ఉంది. ఆవిడకే ఒంట్లో బాగోలేదు!"

భోజనాల వేళ ఆవిడ క్యాంటీనుకు వెళ్లగానే, ఆయన పోయి ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి జేబురుమాలు తీసి చెవులకు కట్టుకున్నారు. తర్వాత లేచి, నాకు కుర్చీ చూపించారు.

దర్జాగా కూర్చున్నాను. దర్జా ఎంతోసేపు నిలవలేదు. పక్కన కొత్తగా కట్టిన అద్దాల గదికి ఏసీ గాలి కొట్టుకుని, తిన్నగా కిందికి జారి, నా మెడ మీద దిగుతోంది.

"ఏమోయ్ పరదేశీ, మీటరు తియ్యవా?"

"అక్కర్లేదు సార్. మెడ ఉంది."

నిచ్చెన తెచ్చి, పైనున్న గాలి జాలీ రెక్కలు పక్కకు తిప్పాను. దిగి కూర్చున్నాను. చాల్లేదు. మళ్లీ ఎక్కాను, మళ్లీ కూర్చున్నాను. ఈలోగా ఆవిడ రానే వచ్చారు.

"లే నాయనా! నా జీతం కూడా నువ్వే తీసుకుంటావా?"

కూర్చుని పనిలో పడ్డారు. కాసేపటికి, తనకే తెలియకుండా, శాలువా తీసి మడతపెట్టి సంచిలో పెట్టేశారు. మండపంలో ఎన్నో తలంబ్రాలు చూశాను. ఇంత కన్నులపండువ ఎన్నడూ చూడలేదు.

సోమవారం పెద్దసారు వచ్చారు. నేను స్తంభం చాటున స్తంభంలా నిలబడ్డాను.

"ఏమ్మా, ఇక్కడ చలి అన్నారట?"

"ఏం చలి సార్?"

నాలుగు అంతస్తుల మెట్లూ ఈల వేసుకుంటూ దిగాను. లిఫ్టు పనిచేస్తూనే ఉంది.

నెలాఖరున ఖాదర్ గారు తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు. "తలుపులన్నిటికీ ఇందులో తాళాలున్నాయి. కుర్చీలకు లేవు. కూర్చుని చూస్తూ ఉండు."

చూస్తున్నాను. అన్ని అంతస్తుల్లోనూ.

ఇంట్లో మాత్రం, మా ఆవిడ వంటింట్లో ఉక్కపోస్తోందంటే, హాల్లో పడక్కుర్చీలోంచే "ఫ్యాను తిరుగుతోందిగా!" అని ఇప్పటికీ కేకేస్తాను. అదొక్కటీ ఇంకా నేర్చుకోలేదు.